మూడు కాళ్ళు, మూడు స్థితులు – ట్రాన్సిస్టరు కథ



ట్రాన్సిస్టరు అనగానే మనకు గుర్తొచ్చేది రేడియో. తోలు తొడుగు, భుజానికి తగిలించుకునే పట్టీ, వెనక మూత తీసి సెల్లులు వేస్తే పాటలు పాడే చిన్న పెట్టె. "మా తమ్ముడు ట్రాన్సిస్టరు కొన్నాడు" అంటే రేడియో కొన్నాడనే అర్థం. అసలు ట్రాన్సిస్టరు ఆ పెట్టె కాదండీ. పెట్టె లోపల ఆరో ఏడో ఉండే, బఠాణీ గింజంత, మూడు కాళ్ళ వస్తువు. లోపలున్న కోడలి పేరుతో ఇల్లంతటినీ పిలిచినట్టు, ఆ గింజ పేరే రేడియోకు స్థిరపడిపోయింది.

ఆ గింజ చరిత్రను ఈవేళ మీ ముందు పెట్టాలని నా ఉద్దేశం. ఇందులో పేర్లూ తారీఖులూ ఉన్నాయి. వాటితోపాటు ఒక కిటుకు కూడా ఉంది. వస్తువు ఒకటే అయినా, దాని మూడు కాళ్ళ దగ్గర వోల్టేజీలు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి అది మూడు రకాల స్థితుల్లో పనిచేస్తుంది. మధ్య స్థితిలో వాడుకుంటే రేడియో అయింది. రెండు చివరి స్థితుల్లో వాడుకుంటే కంప్యూటరు అయింది. బంజారా హిల్సు ఇళ్ళలో రేడియో విన్న తల్లులూ, గుట్ట దిగి పంజగుట్ట మీదుగా అమీరుపేట వెళ్ళి కంప్యూటరు నేర్చుకున్న పిల్లలూ ఆ కిటుకు మీదే ఆధారపడ్డారు.

"ఇదంతా మగవాళ్ళ చదువు, మనకెందుకులే" అని రేడియో కట్టేయకండి. ఈ లెక్క మనం నెలనెలా వేసుకునే ఇంటి ఖర్చుల లెక్క కంటే కష్టం కాదు. తెలియకపోతే మాత్రం నష్టమే. మన ఇంట్లో వస్తువుకు ఏమయిందో ఎవరో వచ్చి చెప్పాలి, వాళ్ళు చెప్పిందే వేదమని నమ్మాలి, అడిగినంతా చెల్లించాలి.

ముందు ట్రాన్సిస్టరు లేని రోజులు ఎలా ఉండేవో చూద్దాం. మన హైదరాబాదులో రేడియో నిజాం కాలంలోనే వచ్చింది. 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన రేడియో కేంద్రాన్ని దక్కన్ రేడియో అనేవాళ్ళు. మద్రాసు కేంద్రం 1938లోనూ, విజయవాడ కేంద్రం 1948లోనూ మొదలయ్యాయి. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. స్టేషన్లయితే ఉన్నాయి గానీ, వినటానికి సెట్టు కావాలి కదా! ఆనాటి సెట్టు అంటే వాల్వు సెట్టు. లోపల గాజు బుడ్లు, ఆ బుడ్లలో ఎర్రగా కాగే తీగలు. స్విచ్చి వేశాక బుడ్లు వేడెక్కేదాకా శబ్దం రాదు. ఇంటి కరెంటు లేనిదే నడవదు. బరువు కూడా తక్కువ కాదు.

అందుచేత ఆ సెట్టు ముందుగదిలో, ఎత్తయిన బల్ల మీద, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని కూర్చునేది. మీట తిప్పే హక్కు సాధారణంగా ఇంటి పెద్దదే. ఆడవాళ్ళు వంటింటి గడప దగ్గర నిలబడి చెవి అటు పెట్టి వినాలి, లేదా మగవాళ్ళు ఆఫీసులకు వెళ్ళాక వినాలి. స్త్రీల కార్యక్రమాలు మధ్యాహ్నాలు పెట్టటంలో ఆ వీలు కూడా ఉంది. కరెంటు లేని పల్లెలకు ఆ అదృష్టమూ లేదు.

ఈ వాల్వు స్థానంలోకి చల్లగా, చిన్నగా ఉండే వస్తువు దేనినైనా తేవాలని శాస్త్రజ్ఞులు చాలాకాలం ప్రయత్నించారు. కొన్ని ఖనిజాలకు విద్యుత్తును పూర్తిగా పోనివ్వకుండా, పూర్తిగా ఆపకుండా ఉండే గుణం ఉంది. వీటినే అర్ధవాహకాలు అంటారు. మన జగదీశ్ చంద్ర బోసుగారు ఇలాంటి ఖనిజంతో రేడియో తరంగాలను పట్టే సాధనాన్ని తయారుచేసి, 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1904లో అది లభించింది. తరంగాన్ని పట్టటం వరకూ ఆ స్ఫటికం చేసింది. బలహీనమైన శబ్దాన్ని బలంగా చెయ్యటం మాత్రం దానివల్ల కాలేదు.

ఆ పని 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జరిగింది. జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ అనే ఇద్దరు జర్మేనియం ముక్క మీద రెండు బంగారు మొనలను వెంట్రుకవాసి దూరంలో ఆనించి, ఒక మొనలో పంపిన చిన్న సంకేతం రెండో మొనలో పెద్దదై రావటం చూశారు. వాళ్ళ బృందనాయకుడు విలియం షాక్లీ. మొనల బెడద లేకుండా, లోపలే మూడు పొరలుగా ఉండే ట్రాన్సిస్టరును 1948 జనవరిలో ఊహించింది ఆయనే. ఆ ఏడే జాన్ పియర్స్ అనే సహోద్యోగి దీనికి ట్రాన్సిస్టరు అని పేరు పెట్టాడు. ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి వచ్చింది.

షాక్లీ చెప్పిన మూడు పొరల ట్రాన్సిస్టరునే బైపోలార్ ట్రాన్సిస్టరు అంటారు. శుద్ధమైన జర్మేనియమో సిలికానో తీసుకుని, అందులో అతి స్వల్పంగా మరో పదార్థం కలుపుతారు. గిన్నెడు పాలలో చుక్క తోడు వేస్తే పాల స్వభావం మారిపోయినట్టు, దీని స్వభావం కూడా మారుతుంది. ఆంటిమొనీ లాంటిది తోడుగా వేస్తే ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి. ఇండియం, గాలియం లాంటివి వేస్తే ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట ఖాళీలు మిగులుతాయి. ఈ ఎలక్ట్రాన్లూ ఆ ఖాళీలూ రెండూ పనిలో పాలుపంచుకుంటాయి కాబట్టే దానికి బైపోలార్ అని పేరు.

మూడు పొరలకు మూడు కాళ్ళు. ఒక చివర ఎమిటరు, అంటే పంపించేది. రెండో చివర కలెక్టరు, అంటే వసూలు చేసుకునేది. జిల్లా కలెక్టరుకు శిస్తు వసూళ్ళ వల్ల ఆ పేరు వచ్చినట్టే దీనికీ వచ్చింది. మధ్యలో బేసు. ఈ బేసు పొర పూతరేకు కంటే పలచన. ఎమిటరు నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు బేసు పొరలో ఆగటానికి చోటు చాలక, నూటికి తొంభైతొమ్మిది దాకా అవతల ఉన్న కలెక్టరులోకి దూకేస్తాయి. ఆ మిగిలిన ఒక్కటీ బేసు కాలు గుండా బయటికి వస్తుంది. అయితే ఆ ఒక్కదాన్ని మనం అదుపులో పెడితే, తొంభైతొమ్మిదీ అదుపులో ఉంటాయి. ట్రాన్సిస్టరు గొప్పతనమంతా ఇదే.

ఇప్పుడు ఆ మూడు స్థితులకు వద్దాం. మన నగరంలో కుళాయిని నల్లా అంటాం కదా. మిద్దె మీద ట్యాంకు, కింద వంటింట్లో నల్లా అనుకోండి. నల్లా బిగించి కట్టేస్తే చుక్క రాదు. ఇది మొదటి స్థితి. దీన్ని కటాఫ్ అంటారు. మనం మూత స్థితి అందాం. నల్లాను కొంచెం తిప్పితే సన్నని ధార, ఇంకాస్త తిప్పితే లావు ధార. చెయ్యి తిప్పినకొద్దీ ధార మారుతుంది. ఇది రెండోది, యాక్టివ్ స్థితి. చెయ్యి చెప్పిన మాట నీళ్ళు వింటున్నాయి కాబట్టి క్రియాస్థితి అందాం. ఇక నల్లాను పూర్తిగా తిప్పేశాం. ఆపైన ఎంత బలంగా తిప్పినా ఒక్క చుక్క ఎక్కువ రాదు. ట్యాంకు ఎత్తును బట్టీ, గొట్టం లావును బట్టీ రాగలిగినంతా వచ్చేస్తోంది. ఇది శాచురేషన్, సంతృప్త స్థితి. గ్లాసుడు నీళ్ళలో చక్కెర వేస్తూ పోతే ఒక హద్దు దాటాక కరగకుండా అడుగున కూర్చుంటుంది చూడండి, అదే మాట ఇక్కడికీ తెచ్చుకున్నారు.

తిప్పే చెయ్యి బేసు కరెంటు. నీళ్ళ ధార కలెక్టరు కరెంటు. ట్యాంకు బాటరీ. నాలుగో స్థితి కూడా ఒకటి ఉంది లెండి. ఎమిటరు చేసే పని కలెక్టరుతో, కలెక్టరు చేసే పని ఎమిటరుతో చేయించటం, అంటే తిరగేసి బిగించటం. రెండు పొరల తయారీ వేరు కాబట్టి పని జరుగుతుంది గానీ నీరసంగా జరుగుతుంది. కాళ్ళు తారుమారు చేసి అతికినప్పుడు ఎక్కువగా కనబడే స్థితి అది.

సరే, నల్లా అయితే కంటికి కనిపిస్తుంది. ఈ గింజ ఏ స్థితిలో ఉందో ఎలా తెలుసుకోవటం? మామూలు సిలికాన్ ట్రాన్సిస్టరు సంగతి తీసుకుందాం. బేసుకూ ఎమిటరుకూ మధ్య దాదాపు 0.7 వోల్టు ఉంటే తప్ప లోపలి తలుపు తెరుచుకోదు. అంతకు బాగా తక్కువగా ఉంటే మూత స్థితి. తలుపు తెరుచుకుంది, కలెక్టరు దగ్గర వోల్టేజి బేసు కంటే ఎక్కువగా నిలిచి ఉంది అంటే క్రియాస్థితి. తలుపు తెరుచుకుంది, కలెక్టరు వోల్టేజి మాత్రం పడిపోయి ఎమిటరుకు 0.2 వోల్టు దరిదాపుల్లోకి వచ్చేసింది అంటే సంతృప్త స్థితి.

ఇందులో లెక్క చేసే పద్ధతి మనకు బాగా అలవాటైనదే. నెల మొదట్లో ఏం చేస్తాం? ఖర్చులన్నీ కాగితం మీద వేసుకుంటాం. మొత్తం జీతంలోపు వస్తే సరే. జీతం దాటితే, ఆ కాగితం ప్రకారం నెల గడవదని తేలిపోతుంది. ఇంజనీర్లు చేసేది కూడా అంతే. ముందు ట్రాన్సిస్టరు క్రియాస్థితిలో ఉందని అనుకుంటారు. లెక్క వేస్తారు. ఖర్చు బాటరీ లోపు ఉంటే అనుకున్నది నిజం. దాటితే అనుకున్నది తప్పు.

ఒక్క ఉదాహరణ చూడండి. బాటరీ 9 వోల్టులు. కలెక్టరు దారిలో 1,000 ఓముల నిరోధకం. ట్రాన్సిస్టరు వంద రెట్లు చేసే రకం. ఎమిటరును బాటరీ రుణధ్రువానికి కలిపారు. బేసులోకి 50 మైక్రో ఆంపియర్ల కరెంటు పంపాం. దానికి వంద రెట్లంటే కలెక్టరులో 5 మిల్లీ ఆంపియర్లు. అది 1,000 ఓముల గుండా వస్తే 5 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. తొమ్మిదిలో అయిదు పోతే నాలుగు. కలెక్టరు దగ్గర 4 వోల్టులు మిగిలాయి, బేసు దగ్గర 0.7 మాత్రమే. లెక్క కుదిరింది. ఇది క్రియాస్థితే.

ఇప్పుడు బేసు కరెంటును రెట్టింపు చేసి 100 మైక్రో ఆంపియర్లు పంపుదాం. వంద రెట్లంటే 10 మిల్లీ ఆంపియర్లు. నిరోధకంలో ఖర్చు 10 వోల్టులు. ఉన్నదే తొమ్మిది, పది ఎక్కడి నుంచి వస్తాయి? అందుచేత వంద రెట్లు అన్న మాట ఇక్కడ చెల్లదు. ట్రాన్సిస్టరు సంతృప్త స్థితిలోకి వెళ్ళిపోయింది. కలెక్టరు దగ్గర 0.2 వోల్టు మిగిలి, కరెంటు 8.8 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. బేసులో ఇంకా ఎంత పోసినా అంతే. ఇక బేసు కరెంటు అసలే లేకపోతే నిరోధకంలో ఖర్చు లేదు. కలెక్టరు దగ్గర 9 వోల్టులూ అలాగే నిలిచి ఉంటాయి. అది మూత స్థితి. చూశారా, మూడు స్థితులూ కూడికలు, తీసివేతలతోనే తేలిపోయాయి.

ఈ అన్ని స్థితులనూ ఒకే సూత్రంలో ఇమిడ్చి చెప్పినవాళ్ళు ఎబర్స్, మోల్ అనే ఇద్దరు. వీళ్ళూ బెల్ ప్రయోగశాల వాళ్ళే. 1954 డిసెంబరులో వాళ్ళ వ్యాసం అచ్చయింది. అంతకు ముందు ఎక్కువమంది దృష్టి మధ్య స్థితి మీదే ఉండేది, ఎందుకంటే అందరికీ కావలసింది శబ్దం పెంచటం. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో లైను కలపాలి లేదా తెంపాలి. అక్కడ కావలసినవి రెండు చివరి స్థితులు. ట్రాన్సిస్టరును స్విచ్చిగా వాడుకోవచ్చునని లెక్కతో సహా చూపించిన వ్యాసం అది. చిత్రం ఏమిటంటే, మధ్య స్థితి ఇంటింటికీ ప్రయాణం కట్టింది కూడా ఆ సంవత్సరమే. 1954లో అమెరికాలో రీజెన్సీ అనే పేరుతో నాలుగు ట్రాన్సిస్టర్ల చేతి రేడియో అమ్మకానికి వచ్చింది. ఖరీదు 49 డాలర్ల 95 సెంట్లు. మరుసటి ఏడు జపానులో, తరవాత సోనీ అయిన కంపెనీ తన ట్రాన్సిస్టరు రేడియోను తెచ్చింది.

మన దేశంలో బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఇక అరవయ్యో దశకం గడుస్తున్నకొద్దీ సెట్లు చిన్నవయ్యాయి. పోస్టాఫీసులో లైసెన్సు కట్టే బెడద మాత్రం 1980ల నడుమ దాకా ఉండనే ఉంది. అయినా రేడియో ముందుగది దాటి, గడప దాటి, వంటింటి గూట్లోకి వచ్చింది. ఒక చేత్తో తిరగమోత పెడుతూ, రెండో చేత్తో మీట తిప్పి వివిధభారతి కావాలంటే వివిధభారతి, సిలోను కావాలంటే సిలోను పెట్టుకునే స్వేచ్ఛ ఆడవాళ్ళకు వచ్చింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని పెద్ద మార్పుగా రాయరు గానీ, అనుభవించినవాళ్ళకు తెలుసు దాని విలువ.

ఆ రేడియోలో ట్రాన్సిస్టరు క్రియాస్థితిలో ఉండాలి. గాయని గొంతు పెరిగితే పెరగాలి, తగ్గితే తగ్గాలి, ఆ వంపులన్నీ అలాగే రావాలి. కలెక్టరు వోల్టేజి ఆ రెండు హద్దుల నడుమ ఊగుతూ ఉంటుంది. శబ్దం మరీ పెంచితే ఆ ఊపు ఒక పక్క మూత స్థితికీ, ఇంకో పక్క సంతృప్త స్థితికీ తగులుతుంది. అప్పుడు గొంతు చిట్లినట్టు, రేకు డబ్బా మోగినట్టు వినిపిస్తుంది. సెల్లులు అయిపోవచ్చినప్పుడు కూడా అంతే. బాటరీ తొమ్మిది వోల్టుల నుంచి ఆరుకు దిగితే ఊగే చోటు ఇరుకైపోతుంది. సెల్లులు తీసి ఎండలో పెడితే మళ్ళీ కాసేపు పాడేది గుర్తుందా? ఎండ వేడికి సెల్లులో చచ్చుబడ్డ రసాయన చర్య కాస్త చురుకై, వోల్టేజి కొంచెం కోలుకునేది. ఆ కాసేపూ చోటు మళ్ళీ కాస్త వెడల్పయ్యేది.

ఇంకో విశేషం చెప్తాను. రేడియోలో చివర స్పీకరును మోగించే చోట సాధారణంగా రెండు ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేస్తాయి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోకళ్ళతో దంచటం చూసే ఉంటారు. ఒక రోకలి లేస్తే ఒకటి పడుతుంది. అలాగే శబ్దతరంగంలో పైభాగం ఒక ట్రాన్సిస్టరు, కిందిభాగం ఇంకొకటి మోస్తాయి. ఒకటి పనిలో ఉండగా రెండోది మూత స్థితిలో విశ్రాంతి తీసుకుంటుంది. దానివల్ల సెల్లులు ఎక్కువ రోజులు వస్తాయి. అయితే రెండూ పూర్తిగా నిద్రపోకుండా కొద్దిపాటి బేసు వోల్టేజి ఇచ్చి సగం మెలకువలో ఉంచుతారు. సెల్లులు నీరసించినప్పుడు ఆ కాస్తా తగ్గి, ఒకటి ఆగి ఇంకొకటి అందుకునేలోపు రెండూ నిద్రపోతాయి. మెల్లగా మాట్లాడే మాటలు ముక్కలు ముక్కలుగా వినపడటానికి అదొక కారణం.

ఇక వేడి. మొదటి ట్రాన్సిస్టర్లు జర్మేనియంవి. జర్మేనియానికి వేడి పడదు. వేడి పెరిగినకొద్దీ, బేసు మూసి ఉన్నా కరెంటు కారుతుంది, వాషరు అరిగిన నల్లాలాగా. ఆ కారుడు వల్ల ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కి ఇంకా కారుతుంది. మే నెల ఎండల్లో, పైగా పొయ్యికి దగ్గరగా పెట్టిన సెట్టు మొరాయించటంలో వింతలేదు. సిలికాన్ ట్రాన్సిస్టరును 1954లో బెల్ ప్రయోగశాలలో మోరిస్ టానెన్‌బామ్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గార్డన్ టీల్ విడివిడిగా సాధించారు. సిలికాన్ వేడిని చాలా ఎక్కువగా తట్టుకుంటుంది. అందుకే క్రమంగా జర్మేనియం తప్పుకుంది.

ఈ స్థితుల పరిజ్ఞానం ఇల్లాలికి ఎలా పనికొస్తుందో ఒక సంగతి చెప్తాను. మా పక్కింటి పిన్నిగారి రేడియో మూగపోయింది. బజారులో ఒక దుకాణంలో ఇస్తే ట్రాన్సిస్టరు కాలిపోయిందని మార్చి డబ్బు తీసుకున్నారు. శబ్దం రాలేదు. మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ మార్చారు, మళ్ళీ తీసుకున్నారు. అప్పటికీ రాలేదు. పిన్నిగారి అమ్మాయి పాలిటెక్నిక్కులో చదువుతోంది. మల్టీమీటరు తెచ్చి ఎమిటరు నుంచి కలెక్టరుకు కొలిచింది: బాటరీ వోల్టేజి పూర్తిగా ఉంది. బేసుకు కొలిచింది: సున్నా. "అమ్మా, ఇది మూత స్థితిలో ఉంది. నల్లా బాగానే ఉంది, తిప్పే చెయ్యే లేదు" అంది. బేసుకు కరెంటు తెచ్చే నిరోధకం లోపల తెగిపోయింది. దాని ఖరీదు పైసల్లో. కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెచ్చి అతికితే సెట్టు పలికింది. రెండుసార్లు మార్చిన ట్రాన్సిస్టర్లలో ఏ లోపమూ లేదు. ఆ పిల్లకు తెలిసిందల్లా మూడు స్థితులు, రెండు కొలతలు. ఇది సెల్లులతో నడిచే చిన్న సెట్ల మాట సుమండీ. ఇంటి కరెంటుతో నడిచేవీ, టెలివిజనూ తెరిచి అందులో చెయ్యి పెట్టకండి. పాత గాజుతెర టెలివిజన్లలో వేల వోల్టులు ఉండేవి, స్విచ్చి కట్టేశాక కూడా కొంతసేపు నిలిచి ఉండేవి.

టెలివిజన్ మాట వచ్చింది కాబట్టి మన నగరం కథలోకి వద్దాం. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు, అందరికీ ఏ.ఎస్. రావుగారు, అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్సు విభాగాన్ని తీర్చిదిద్దినవారు. 1956లో ట్రాంబేలో ప్రారంభమైన అప్సర రియాక్టరు నియంత్రణ పరికరాల వెనక ఆయన కృషి ఉంది. ఆయన సారథ్యంలో 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, మనం ఇ.సి.ఐ.ఎల్. అనేది, ఏర్పడింది. ట్రాన్సిస్టర్ల పొరలకు తోడుగా వేసే ఆంటిమొనీ, గాలియం వంటి పదార్థాలను అతి శుద్ధంగా తయారుచేసే పని కూడా ఆ పొరుగునే, న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో సాగింది.

ఇ.సి.ఐ.ఎల్. చేసిన టెలివిజన్ సెట్లు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా సాగిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు వెళ్ళాయి. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. హైదరాబాదులో దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలయ్యాక ఇ.సి. టీవీ మన ముందుగదుల్లోకీ వచ్చింది. టెలివిజన్లో రెండు రకాల పనులూ ఉండేవి. బొమ్మనూ మాటనూ పెంచే ట్రాన్సిస్టర్లు క్రియాస్థితిలో ఉండాలి. తెర మీద గీతలు గీయించే ట్రాన్సిస్టరు మాత్రం తెరుచుకుని మూసుకుంటూ, సెకనుకు 15,625 సార్లు, స్విచ్చిలాగా పనిచెయ్యాలి. రేడియోకూ కంప్యూటరుకూ మధ్య మెట్టు అని టెలివిజన్ను అనుకోవచ్చు.

ఇక కంప్యూటరు. ట్రాంబేలో రూపొంది, ఇ.సి.ఐ.ఎల్. ద్వారా 1969లో వెలువడిన టి.డి.సి.-12 మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి. ఆ తరం కంప్యూటర్లలో లెక్కలు చేసింది ఈ బైపోలార్ జాతి ట్రాన్సిస్టర్లే. అక్కడ మధ్య స్థితితో పనిలేదు. మూసి ఉంటే ఒక అంకె, తెరిచి ఉంటే ఇంకో అంకె. ఒకటి, సున్నా అనే భాష అదే. అయితే సంతృప్త స్థితిలో ఒక చిక్కుంది. అంచుదాకా నిండిన కడవను వంచి ఖాళీ చెయ్యటానికి సమయం పట్టినట్టు, పూర్తిగా నిండిన ట్రాన్సిస్టరు మూసుకోవటానికి కాస్త ఆలస్యమవుతుంది. వేగం కావలసినచోట అంచుదాకా నిండకుండా ఆపటానికి షాట్కీ డయోడు అనే పొట్టి అడ్డుకట్టను పక్కన చేర్చారు. స్థితి ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ చరిత్రలో పేర్లన్నీ మగవాళ్ళవే వినిపించాయి. సూక్ష్మదర్శిని కింద వెంట్రుక కంటే సన్నని తీగలను ట్రాన్సిస్టరు కాళ్ళకు అతికిన చేతులు మాత్రం ఎన్నో దేశాల్లో ఆడవాళ్ళవి. అమెరికాలో షిప్‌రాక్ అనే చోట ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1965 నుంచి 1975 దాకా నడిపిన కర్మాగారంలో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది నవహో తెగ స్త్రీలే. వేళ్ళు సన్నగా ఉంటాయి, ఓపిక ఎక్కువ అని వాళ్ళను పనిలోకి తీసుకున్నారు. అతకటానికి పనికొచ్చిన చేతులు కొలవటానికి, లెక్క వెయ్యటానికి పనికిరావా? పిన్నిగారి అమ్మాయి సంగతి విన్నారుగా!

ఈనాటి సెల్‌ఫోనుల్లో, కంప్యూటర్లలో లెక్కలు చేసేది మరో జాతి ట్రాన్సిస్టరు. దానికి బేసు బదులు గేటు ఉంటుంది. ఒక చిన్న పలక మీద కోట్ల కొద్దీ పడతాయి. బైపోలార్ ట్రాన్సిస్టరు అంతరించిపోలేదు. శబ్దం పెంచేచోట, వోల్టేజి నిలకడగా ఉంచేచోట ఇప్పటికీ దాని కొలువు దానికి ఉంది. జాతి మారినా మూసుకోవటం, తెరుచుకోవటం, నడుమ మాట వినటం అన్న పద్ధతి మాత్రం మారలేదు. 1990ల నుంచి అమీరుపేట మైత్రీవనం చుట్టుపక్కల మేడల నిండా కంప్యూటరు కోర్సుల బోర్డులే. ఎన్ని జిల్లాల పిల్లలో అక్కడ గదులు అద్దెకు తీసుకుని చదివారు. వాళ్ళు నేర్చుకున్న ఒకటీ సున్నాల అడుగున ఉన్నవి ఇందాక మనం నల్లాతో పోల్చుకున్న ఆ రెండు చివరి స్థితులే.

మీ ఇంట్లో పాత ట్రాన్సిస్టరు ఏ అటక మీదో ఉంటే దింపండి. సెల్లులు అందులోనే వదిలేసి ఉంటే ముందు తీసెయ్యండి, రసం కారి లోపల తినేస్తుంది. పిల్లలతో, ముఖ్యంగా ఆడపిల్లలతో కూర్చుని మూత విప్పి, మూడు కాళ్ళ గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. ఒక చిన్న మల్టీమీటరు కొనిపెట్టండి. మనం ఒక పండక్కి కొనే గాజుల ఖరీదు కంటే ఎక్కువ కాదు. కొత్త సెల్లులు వేసి బేసు దగ్గర ఎంత ఉంది, కలెక్టరు దగ్గర ఎంత ఉంది అని వాళ్ళనే కొలవమనండి. అది ఏ స్థితిలో ఉందో కాగితం మీద వాళ్ళనే తేల్చమనండి. ఈసారి సెట్టు బాగుచేయించటానికి వెళ్ళినప్పుడు "ఏం పోయింది?" అని అడిగి ఊరుకోకుండా, "కలెక్టరు దగ్గర ఎంత చూపిస్తోంది?" అని కూడా అడగండి.